పటంలో నిలబడిన గోడ

టేపు గోడకు తగలలేదు.

మున్సిపాలిటీ నుంచి వచ్చిన హేమంత్ టేపు కొసను వంటింటి గుమ్మం దగ్గర సొన్నమ్మ కాలికింద తొక్కించి, వెనక్కి నడుస్తూ పోయాడు. ఎనిమిది అడుగులు. పది. పద్నాలుగు. ఇరవై రెండో అడుగు దగ్గర అవతలి కిటికీ వీపుకు తగిలి ఆగిపోయాడు. చేతిలోని కాగితం చూశాడు. హాలు చూశాడు. మళ్ళీ కాగితం చూశాడు.

"అమ్మా, ఈడ ఒక గోడ ఉండాలే?"

బదులు చెప్పీ చెప్పీ పదకొండు రోజులుగా కుముద నోరు అరిగిపోయింది.

పదకొండు రోజుల కింద బంగారు గనుల ఊరు రాబర్ట్‌సన్‌పేటలోని ఈ ఇంటి తలుపుకు నోటీసు అంటించారు. జనం కాపురాలుండే చోట పర్మిషన్ లేకుండా ఫ్యాక్టరీ నడుపుతున్నారని ఫిర్యాదు. ఫ్యాక్టరీ అంటే ఏమీ లేదు. రాగులు మొలకెత్తించి, ఎండబెట్టి, వేయించి, పిండి కొట్టి అమ్మడం. తండ్రి పోయాక ఆయన ఇంట్లోనే కుముద ఒక మిక్సీతో మొదలుపెట్టిన పని, ఆరేళ్ళలో మోటారు దాకా వచ్చింది. ఫిర్యాదు కింద పేరు లేదు. 'ఇట్లు, ఒక నివాసి' అని మాత్రం ఉంది. ఎవరా నివాసి? వీధికంతా ఒకే పేరు తట్టింది. పక్కింటి చంద్రశేఖర. మోటారు చప్పుడుకు తలనొప్పి వస్తోందని రెండుసార్లు గేటు దాకా వచ్చి అరిచిన మనిషి. పోయిన గురువారం ఓపిక తెగిపోయి కుముద ఆయన్ను నడివీధిలో నిలబెట్టి అనరాని మాటలు అనేసింది. తండ్రికి ముప్పయ్యేళ్ళ స్నేహితుడని కూడా చూడలేదు. ఆయన ఒక్క మాట తిరిగి అనకుండా లోపలికి పోయి తలుపు వేసుకున్నాడు.

ఈ రోజు కొలతలు. మోటారుకు సీలు పడేదీ లేనిదీ సాయంత్రానికల్లా తేలిపోతుంది.

"ఉండేది," అంది కుముద చివరికి. "మూడేళ్ళ కింద తీయించేసినాను."

"తీయించేస్తే ఎట్లమ్మా?" హేమంత్ గొంతులో కోపం లేదు. పొద్దున్నుంచి నాలుగిళ్ళు కొలిచి వచ్చిన మనిషి గొంతు అది. "గోడ ఉండింటే మీ పని జాగా ఎనిమిదికి పది. ఇంట్లో చేసుకొనే చిన్న పని కింద నేను రాసుకోవచ్చు. గోడ లేదంటే హాలంతా పని జాగానే. సగం ఇల్లు పోయింది దానికి. రూల్సు ఒప్పవు."

"అయితే గోడ ఉండాదనే రాసుకో సారూ," అంది సొన్నమ్మ, టేపు మీద నుంచి కాలు తీయకుండా. క్యాసంబళ్ళి నుంచి మొదటి బస్సుకు వచ్చి, రాగుల దగ్గర నుంచి మనుషుల దాకా అందరినీ జల్లెడ పట్టే ఆడమనిషి ఆమె. "నీ కాగితంలో ఉండాది కదా! మీ ఆఫీసులో కాగితం పెద్దదా, కన్ను పెద్దదా?"

"కాగితమే పెద్దది పెద్దమ్మా. ఏం చేసేది, ఇప్పుడు నేను ఆఫీసులో లేనే!"

"ఊ. మాటలకేం తక్కువ లేదు. ఆ మాటలు వరండాలో మూటలకు చెప్పు పో. అవి పులిసిపోతా ఉండాయి."

అదీ నిజమే. వరండాలో ఆరు గంపల్లో తడిగుడ్డల్లో బిగించిన రాగి మూటలు కూర్చుని ఉన్నాయి. తెల్లటి మొలకలు గుడ్డ కళ్ళలో నుంచి తొంగిచూస్తున్నాయి. పది గంటలకల్లా మిద్దె మీద పరచాల్సినవి. మహజరు రాసే దాకా, అంటే ఇక్కడ ఏమేమి కనిపించిందో సాక్షుల ముందర కాగితం మీద పెట్టే దాకా, ఏదీ కదిలించరాదన్నాడు హేమంత్. ఇప్పుడు పన్నెండున్నర. మూట మీద చెయ్యి పెడితే లోపల వేడి తగులుతోంది. తీయటి పచ్చివాసన పోయి, పుల్లటి వాసన మెల్లగా ఇల్లంతా పాకుతోంది. మిద్దె మీద మిగతా ఇద్దరు ఆడవాళ్ళు దుప్పట్లు పరచుకుని, ఎండను వృథాగా చూస్తూ కూర్చున్నారు.

కుముద స్టూలు మీద కూలబడింది. భర్త రఘునందన్ తెల్లవారు రైలుకు బెంగళూరు పోయాడు. సెలవు దొరకలేదు. ధైర్యానికి ఉన్నది చెల్లెలు చిత్ర ఒక్కతే. మాలూరులో ఒక ఫ్యాక్టరీ ఆఫీసులో ఉద్యోగం. నోటీసుకు జవాబు రాసిందీ తనే, ఏ కాగితం ఎక్కడ ఇవ్వాలో ఫోనులో చెప్పిందీ తనే. బంగారుపేటలో రైలు దిగినానని గంట కింద ఫోను చేసింది. ఈపాటికి వస్తుంటుంది.

"ఒక్క మాట చెప్తాను మేడం," అన్నాడు హేమంత్, టేపు చుట్టుకుంటూ. "భయపడకండి. ఇది ఇరుగుపొరుగు గొడవ అయితే దారి ఉండాది. పక్కింటాయన చప్పుడు ఒద్దన్నాడనుకోండి, కూర్చోబెట్టి మాట్లాడుకోవచ్చు. మోటారు చిన్నది పెట్టుకోండి, టైము తగ్గించుకోండి, గోడ మళ్ళీ కట్టించుకోండి. ఆయన అభ్యంతరం లేదని ఒక సంతకం పెడితే నేను రిపోర్టు మెత్తగా రాస్తాను."

"ఇరుగుపొరుగు కాకపోతే?"

"ఇంగెవరుంటారు? ఇంటి మీద హక్కుండేవాళ్ళే ఒద్దని అర్జీ ఇచ్చినారనుకోండి, అప్పుడు నా చేతిలో ఏమీ లేదు. ఈ రోజే సీలు వేసి పోవాల్సిందే. ఇల్లు ఎవరి పేరన ఉండాది?"

"నాన్న పేరనే ఉండాది ఇంకా. నేనూ, మా చెల్లెలూ."

"చెల్లెలు మీ పక్కే కదా?"

"తనే కదప్పా జవాబు రాసింది!"

"అయితే సరిపోయె."

కుముద చెయ్యి చాచింది. "ఆ కాగితం ఒకసారి చూస్తాను."

"చూపించరాదు నిజానికి." అంటూనే ఇచ్చేశాడు.

ఫిర్యాదుతో పాటు పిన్ను కొట్టిన ఇంటి పటం అది. పెన్సిలుతో గీసింది. గీత ఎక్కడా వణకలేదు. వంటిల్లు, హాలు, వరండా, పెరట్లో నీళ్ళ సంపు, అన్నీ ఉన్నచోట ఉన్నాయి. మోటారు ఉన్న మూల చిన్న అక్షరాలతో 'అయిదు హార్స్‌పవర్, మే నెలలో మార్చినది' అని రాసి ఉంది. 'బయటి ఆడవాళ్ళు ముగ్గురు, పొద్దున ఆరు నుంచి.' అక్షరం పొల్లు పోలేదు. ఒక్కటే తప్పు. హాలుకు అడ్డంగా, మూడేళ్ళుగా లేని గోడ ఆ పటంలో నిటారుగా నిలబడి ఉంది. గోడకు ఒక తలుపు. గోడకు ఇవతల ఎనిమిదికి పది జాగాలో మోటారు, తలుపు వెనక ఖాళీ గది.

అన్నీ తెలిసిన మనిషికి అంత పెద్ద గోడ పోయిన సంగతి ఎట్లా తెలియలేదు?

గేటు చప్పుడైంది. హేమంత్ పిలిపించిన సాక్షి వచ్చాడు. చంద్రశేఖర. ఉతికిన చొక్కా గుండీలన్నీ పెట్టుకుని, గుమ్మం బయటే నిలబడ్డాడు.

"సంతకం పెట్టాలంట కదా. యాడ పెట్టాల?"

"వచ్చినాడు చూడు మహానుభావుడు," అంది సొన్నమ్మ గోడకు చెబుతున్నట్టు. "నిప్పు పెట్టినోడే నీళ్ళ బిందె తెచ్చినట్ల."

"సొన్నమ్మా, ఊరుకో." కుముద లేచి నిలబడింది. "లోపలికి రా మామా."

"పర్వాలేదండి. మీరు చెప్పండి, యాడ పెట్టాలో."

మీరు! గౌను వేసుకున్న నాటి నుంచి ఆమెను పాపా అని తప్ప పిలవని మనిషి. ఆ 'మీరు' కుముదకు చెంపదెబ్బలా తగిలింది.

"ముందర ఈడ ఏముండాదో చూసి పెట్టాలి సార్," అన్నాడు హేమంత్. "ఇదో, కంప్లైంటులో ఇచ్చిన ప్లాను. దీనికీ ఇంటికీ తేడా ఉండాది. గోడ లేదు. అది మీరూ చూసినారని సంతకం."

చంద్రశేఖర గుమ్మం దాటకుండానే కాగితం అందుకున్నాడు. కళ్ళద్దాలు పైకి తోసి చాలాసేపు చూశాడు. అంతలో ఆయన ముఖం మారింది.

"నేను రాసినానని ఈ వీధంతా అనుకుంటా ఉండాది కదా సార్," అన్నాడు హేమంత్‌తో, కుముద వైపు చూడకుండా. "ఈ గోడ కొట్టినప్పుడు ఇటుకముక్కలు ఎనిమిది రోజులు నా గేటు ముందర పడి ఉండాయి. స్కూటరు తీసేదానికి లేకుండా. ఆ ముక్కలు ఎత్తించింది నేనే. పోయిన గోడను నేనెందుకు గీస్తాను?"

సొన్నమ్మ ముఖం గంపల వైపు తిప్పుకుంది.

"ఇంగోటి," అన్నాడు చంద్రశేఖర. "గనిలో నేను టైమ్ ఆఫీసులో హాజరు రాసినోణ్ణి. ముప్పయ్యేళ్ళు పేర్లు రాసినాను, టిక్కు పెట్టినాను. స్కేలు పెట్టి గీత గీసేది నాకు రాదు. ఇది గీత నేర్చినోళ్ళు గీసింది." వేలితో పటం మీద ఒకచోట తట్టాడు. "ఇది చూడండి."

పెరట్లో సంపు ఉన్న చోట చిన్న చతురస్రం. దానిలో మూల నుంచి మూలకు రెండు గీతలు. ఒక సగం నల్లగా నింపి ఉంది.

"నేనూ చూసినాను. ఏందో అర్థం కాలా," అన్నాడు హేమంత్. "సంపును మేము ఇట్ల గీయము."

"ఎవురూ గీయరు. ఇది షాఫ్టు గుర్తు సార్. గనిలోకి మనుషులు దిగే బావి. సర్వే ఆఫీసు పటాల్లో షాఫ్టును ఇట్ల గీసేవాళ్ళు. ఆ ఆఫీసులో పటాలు గీసింది ఈమె నాయన, పురుషోత్తమ్. ఇంటి పటం గీసినా సంపుకు ఇదే గుర్తు పెట్టేవాడు. నేను నవ్వితే, మా ఇంటి గని ఇది రా, నీళ్ళ గని అనేవాడు."

"ఆయన...?"

"పోయి ఆరేళ్ళాయె."

కుముద మళ్ళీ స్టూలు మీద కూర్చుంది.

ఆదివారం పూట ఈ హాల్లోనే నేల మీద పెద్ద కాగితం పరచుకుని నాన్న బోర్లా పడుకునేవాడు. తను వంటింట్లో అమ్మ పక్కన. గీత గీస్తే వంకర, స్కేలు పట్టుకుంటే జారేది, అందుకని నాన్న తనను పిలిచేవాడే కాదు. పిలిచేది చిన్నదాన్ని. ఎనిమిదేళ్ళది, స్కేలు కొసను రెండు చేతులతో అదిమిపట్టి, నాలుక బయటపెట్టి, ఊపిరి బిగబట్టి కూర్చునేది. "నాన్నా, ఈ షాఫ్టులో ఎన్ని అడుగులు దిగొచ్చు?" "నీళ్ళుండే దాకా దిగొచ్చు."

మోటారు మార్చిన సంగతి మే నెలలో ఎవరికి చెప్పింది? ఆదివారం ఫోనులో, సంబరంగా, హార్స్‌పవర్‌తో సహా. ముగ్గురు ఆడవాళ్ళను పెట్టుకున్న సంగతి? అదే ఫోనులో. గోడ కొట్టించిన సంగతి?

అది మాత్రం చెప్పలేదు. ఎలా చెబుతుంది? నాన్న పోయిన ఏడాది చిత్ర ఆ గది తలుపు పట్టుకుని అడిగింది. "అక్కా, నాన్న గది ఒక్కటి అట్లే ఉండనీ." సరేనంది. రాగులకు జాగా చాలక మూడేళ్ళకే గోడ పడగొట్టించింది. ఆ తరువాత చిత్రను ఒక్కసారి కూడా ఇంటికి పిలవలేదు. ప్రతి పండక్కీ పిండి డబ్బాలు పట్టుకుని తానే మాలూరు పోయి వచ్చింది. "నువ్వు పనిమీద ఉండావు, నేనే వస్తాలే" అని చెప్పి చెప్పి అదే నిజమనుకుంది. ఈసారి కూడా వద్దనే అంది. చిత్రే వినలేదు.

అన్నీ తెలిసి, గోడ సంగతి ఒక్కటి తెలియని మనిషి లోకంలో ఒక్కరే ఉన్నారు.

బయట ఆటో ఆగింది.

"అక్కా!"

చిత్ర గేటు తోసుకుని వచ్చింది. ఒక చేతిలో ఫైలు. ఇంకో చేత్తో చక్రాల పెట్టె ఈడుస్తోంది. పెద్ద పెట్టె. నిండా కుక్కి, జిప్పు పగిలితే తాడు కట్టిన పెట్టె.

"ఏమ్మా చిత్రమ్మా, ఒక పూట పనికి ఇంత పెట్టెనా?" అంది సొన్నమ్మ. "మాలూరంతా కట్టుకొచ్చినట్లుండావే!"

చిత్ర నవ్వబోయింది. నవ్వు సగంలో ఆగింది. చాలా చిక్కిపోయింది. కళ్ళ కింద నలుపు. అక్క ముఖంలోకి చూడకుండానే, "నాలుగు రోజులు ఉంటానక్కా. నాన్న గదిలో పెట్టేసి వస్తా ఇది" అంటూ పెట్టె ఈడ్చుకుని హాల్లోకి నడిచింది.

ఆరడుగులు నడిచి కుడికి తిరిగింది. తలుపు ఉండే చోటుకు సరిగ్గా తిరిగింది. గడియ కోసం చెయ్యి ఎత్తింది.

అక్కడ గాలి. గాలి అవతల రాగుల బస్తాలు.

చెయ్యి అట్లాగే ఉండిపోయింది. పెట్టె చక్రం ఒకటి పాత గోడ పునాది గుర్తులో ఇరుక్కుని పక్కకు ఒరిగింది.

"నాన్న గది యాడక్కా?"

ఎవరో పసిపిల్ల అడిగినట్టుంది. కుముద అబద్ధం ఇల్లంతటి పొడవున పరచుకుని ఉంది, దాన్ని దాచడానికి ఒక్క ఇటుక కూడా మిగల్లేదు.

"తీసేసినాను చిత్రా."

"ఎప్పుడు?"

"మూడేళ్ళాయె."

చిత్ర కళ్ళు హాలంతా తిరిగి, చంద్రశేఖర చేతిలో ఉన్న కాగితం మీద ఆగాయి. ఒక్క క్షణం. అంతే. ఆ క్షణంలో ఆమె ముఖంలో రక్తం దిగిపోవడం కుముద చూసింది. తను చూసినట్టు చిత్ర కూడా చూసింది.

"సరే, పని కానిద్దాం," అన్నాడు హేమంత్. పుల్లవాసనకు ముక్కు రుద్దుకుని, మహజరు కాగితం తొడ మీద పెట్టుకున్నాడు. "గోడ సంగతి రాసేసినాను. ఇంగ ఒకటే ఉండాది. కంప్లైంటులో పేరు లేదు. రాసింది ఎవరో తెలిసిందా, తెలిస్తే ఎవరు అని ఈడ ఒక కాలం. తెలియదంటే తెలియదని రాస్తాను, మళ్ళీ ఎంక్వయిరీకి పిలుస్తారు. తెలుసంటే ఈ రోజే తేలిపోతుంది. చెప్పండి మేడం."

"ఇంగెవరు? అటుకులు తింటూ అరుగు మీద కూర్చుని మన ఇల్లు చూసేది ఈయనే కదా," అంది సొన్నమ్మ. కానీ గొంతులో మునుపటి పదును లేదు.

చిత్ర పెదవులు తడుపుకుంది. "నువ్వే చెప్పినావు కదక్కా ఫోనులో," అంది నేల చూస్తూ. "పక్కింటాయనే అని."

ఆ మాట కుముదకు నొప్పి కూడా పుట్టించలేదు. అలసట మీద ఇంకో మూట పెట్టినట్టయింది. అంతే.

లెక్క చాలా సులువు. పక్కింటాయన అంటే మోటారు నిలుస్తుంది. సొన్నమ్మకు రేపు మొదటి బస్సు ఉంటుంది. పైన ఎండలో కూర్చున్న ఇద్దరికీ పని ఉంటుంది. చెల్లెలు చెల్లెలుగా ఉంటుంది. పోయేది ఒక ముసలాయన మాట. అది గురువారమే పోయింది, నడివీధిలో, తన నోటితోనే. చెల్లెలు అంటే, హక్కుదారు అభ్యంతరం. ఈ రోజే సీలు.

చంద్రశేఖర గుమ్మం దాటి లోపలికి వచ్చాడు. చిత్రను చూశాడు. తాడు కట్టిన పెట్టెను చూశాడు. గని మూతపడి జనం ఊరు విడిచిన రోజుల్లో అట్లాంటి పెట్టెలు ఎన్ని చూశాడో! కాగితాన్ని మెల్లగా మడిచి హేమంత్ చేతిలో పెట్టాడు.

"నా పేరు రాసుకో సార్. నేనే రాసినాను."

"మామా!"

"ఊరుకో పాపా. నాకు పోయేదేముండాది? వీధంతా అనేసినారు. కొత్తగా ఏమంటారు? అభ్యంతరం లేదని సంతకం కూడా ఈడనే పెట్టేస్తాను. సుమ్నే, గమ్మున ఇంటికి పోయి పడుకుంటాను."

హేమంత్ పెన్ను ఎత్తాడు. "చంద్రశేఖర... తండ్రి పేరు?"

పాపా అన్నాడు. పదకొండు రోజుల్లో ఎవరో ఒకరు తనను పాపా అన్నారు. కుముద వరండాలో మూటల వైపు చూసింది. ఇప్పుడు పరిచినా అవి పనికిరావు, వాసన చెబుతోంది. కొన్నిటిని సమయానికి విప్పాలి. మూడేళ్ళ కిందే విప్పాల్సిన మూట ఒకటి ఇంట్లోనే కట్టిపెట్టుకుని కూర్చుంది తను.

"కొట్టేయండి సార్ ఆ పేరు."

పెన్ను ఆగింది.

"అక్కా..." చిత్ర అక్క చెయ్యి పట్టుకుని గొణిగింది. "ఒద్దక్కా. నాకు పోయేదానికి వేరే చోటు లేదు, మోటారు ఆగితే నాన్న గదన్నా నాకు మిగుల్తుందనుకున్నా. తరువాత అన్నీ చెప్తాను. ఒద్దు."

కుముద ఆ చెయ్యి విడిపించుకోలేదు. ఇంకా గట్టిగా పట్టుకుంది. పట్టుకునే చెప్పింది, ఎదురుగా ఉన్న ముసలాయనకు, మిద్దె మెట్ల మీదికి దిగివచ్చిన ఆడవాళ్ళకు, గేటు బయట మూగిన వీధికి వినబడేటట్టు.

"మామ రాయలేదు. నేను ఆయన్ను అన్న మాటలన్నీ అబద్ధం. ఈ పటం గీసింది మా నాన్న దగ్గర గీత నేర్చుకున్న మనిషి. రాసుకోండి సార్. పేరు చిత్ర. నా చెల్లెలు."